అలిగి వెళ్ళిపోయిన అలర్టు మోత

ఇది మూడు ముక్కల్లో అయిపోయే కథ. అప్పనపల్లిలో గంగబాబు రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని రొయ్యల చెరువు గట్టు మీద, పాకలో లాప్‌టాప్ ముందు పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. అంత పెద్ద కుర్చీ సర్పంచిగారికి కూడా లేదు. ఆయనకి అక్కర్లేదు కూడాలెండి, ఎప్పుడూ ఎవరి అరుగు మీదో ఉంటాడు. సరే, లాప్‌టాప్.

నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అందులోంచి 'టిణింగ్'మని మోత వస్తుంది. గంగబాబు లేచి నీళ్ళని చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు వేస్తాడు. ఆలస్యమైతే రొయ్యలు చచ్చి తేలతాయి. కిందటేడు రెండు పంటలు అలాగే పోయేయి. ఇదీ పోతే చెరువు అమ్ముకుని మళ్ళీ మస్కట్ వెళ్ళాల్సిందే.

మంగళవారం మోత రాలేదు. రమణబాబు వచ్చి చూసేడు. ఊళ్ళో అందరి కంప్యూటర్లూ బాగుచేస్తాడు, తన ఫోను తప్ప.

"మీ లాప్‌టాప్‌లో ఉన్న లినక్సులో అలర్టు మోతకి వేరే వాల్యూమ్ ఉంటుందండి బాబాయ్‌గారూ. అదీ నిండా ఉంది. పాటలూ వస్తున్నాయి. మోత ఫైలు మాత్రం ఖాళీ." లాప్‌టాప్ మూసి అడిగేడు. "ఏమన్నా అన్నారాండీ?"

"టీ తాగుతుంటే మోగింది. నోర్ముయ్యరా అన్నాను."

"అదండీ. ఇక్కడ మేకని కూడా తప్పుకోండి అంటాం కదండీ. మోత అలిగి వెళ్ళిపోయిందండి."

పోయిన నెల గంగబాబు భార్య తులసి కూడా అలాంటి మాటకే పుట్టింటికి వెళ్ళింది. అంతలో ముక్తేశ్వరం నుంచి ఆవిడే ఫోను.

"మీ మోత మా ఇంట్లో ఉంది. ఇప్పుడే మోగింది. ఏరియేటర్లు వెయ్యండి."

వేసేడు. మూడు రోజులు అలాగే నడిచింది. శుక్రవారం ఫోను కలవలేదు. గంపెడు రొయ్యలు తేలేయి.

శనివారం రమణబాబుని గట్టు మీద కూర్చోబెట్టి గంగబాబు ముక్తేశ్వరం వెళ్ళేడు. అత్తగారు పెద్దింట్లమ్మ ఎదురొచ్చింది.

"ఆయ్, మోతగారు మంగళవారమే వచ్చేరండి. అలిసిపోయి ఉంటే మరచెంబులో పడుకోమన్నాను, అల్లుడుగారూ."

గంగబాబు చెంబు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ద... దయ..." దగ్గర ఆగిపోయేడు.

తులసి మూత తీసింది. "రండి బాబూ, రొయ్యలు మీ కోసం చూస్తున్నాయి."

మోత టిణింగ్‌మని ఆవిడ సంచిలో దూరింది.

"ఈయన చేతికిస్తే దారిలోనే మళ్ళీ అలుగుతుందమ్మా" అని తులసే పదకొండింటి బస్సెక్కింది.

గంగబాబు భోంచేసి వెనక బస్సుకి బయల్దేరతానన్నాడు.

"అల్లుడుగారూ, పనసపొట్టు కూర ఇంకాస్త వేసుకోండి."

"ఆయ్" అన్నాడు గంగబాబు, పుట్టి బుద్ధెరిగేక మొదటిసారి మర్యాదగా.

నెల తర్వాత తులసి పంట పట్టించింది. ఒక్క రొయ్యా పోలేదు. గంగబాబు ముక్తేశ్వరంలోనే ఉన్నాడు. అత్తగారి తోటలో కొబ్బరికాయలు దింపిస్తున్నాడు.