పక్కవాళ్ళు వచ్చారా?

మా టూరు గైడుకు తలలు లెక్కపెట్టడమంటే మహా బద్ధకం. పాత రాజధాని శిథిలాల దగ్గరైనా, గుళ్ళ దగ్గరైనా, అందరూ బస్సెక్కాక ఒకటే కేక: "మీ పక్కవాళ్ళు వచ్చారా?" ఎవరూ లేదనకపోతే బస్సు కదులుతుంది.

కిందటేడు ఇదే గైడుతో, ఇదే దారిలో మా ఆయనతో వచ్చాను. కనబడ్డ ప్రతి రాతి స్తంభాన్నీ ఆయన తడిమి చూసేవారు. "ఆగు బాబూ, మా మహానుభావుడు ఇంకా రాలేదు!" అని ప్రతిచోటా నేను అరవడం, బస్సంతా నవ్వడం.

ఆయన పోయాక ఇంట్లో ఊపిరాడక, ఈసారి ఒక్కదాన్నే బయల్దేరాను. కిటికీ సీటు మాత్రం ఆయనదే. అందులో నా చేతిసంచిని కూర్చోబెట్టాను.

కొండమీది గుడిలో ఆయన తడిమిన స్తంభం దగ్గర కాస్త ఆలస్యమైంది. దిగి వచ్చేసరికి పొగమంచులో బస్సు మలుపు తిరుగుతోంది. గొంతు చించుకున్నా ఆగలేదు.

గైడును నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. కానీ వాడు అడిగే ఉంటాడు. నేను రాలేదని చెప్పడానికి, నా పక్క సీట్లో చేతిసంచి తప్ప ఎవరున్నారు?