మూడు అద్దాల తొట్టి

ఆ సెలూన్‌లో అడుగుపెట్టినవాళ్లకు ముందు కనిపించేది కుర్చీలూ కాదు, కత్తెరలూ కాదు, చేపల తొట్టి. గోడకు వీపు ఆనించి నిలబడే మామూలు రకం కాదది. ఒక్క పొట్టి వైపు మాత్రం గోడకు అంటుకుని, మిగతాదంతా గది మధ్యలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇటు జుట్టు కత్తిరించుకునేవాళ్లకు, అటు సోఫాలో వంతు కోసం కూర్చున్నవాళ్లకు, ఎదురుగా తలుపు తోసుకొచ్చేవాళ్లకు సమానంగా కనపడాలని యజమానురాలి పంతం. అందరూ ఆవిడను కత్తెరమ్మ అంటారు. ఆవిడ చేతి పనికీ ఆ పేరు సరిపోతుంది, నోటికీ సరిపోతుంది.

తొట్టిలో ఉప్పునీళ్లు, రాళ్లు, ఆ రాళ్ల మీద బతికున్న పగడాలు. పగడాలకు కాళ్లుండవు కదా, తిండైనా గాలైనా నీళ్లే మోసుకొచ్చి పెట్టాలి. నీళ్లను తోసే మోటార్లేమో గోడవైపే ఉన్నాయి. గది మధ్యలోకి వచ్చిన కొసన నీళ్లు కదలడం లేదు. కొస అద్దానికి ఇంకో మోటారు తగిలిస్తే పోయేదానికి ఇంత హైరానా ఎందుకని మొగుడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ముఖం మధ్యలో మొటిమ పెట్టుకుని నువ్వు తిరుగుతావా అని ఆవిడ అడిగింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆ పంతంతో నష్టపోయేది తనొక్కతే అయితే బాధ లేకపోయేది. కొసన ఉన్న పగడం అక్క ఇచ్చింది. అక్క బడిలో సైన్సు టీచరు. వేలెడంత ముక్క తెచ్చి, ఏళ్ల తరబడి సాకి బుట్టంత చేసింది. ఇల్లు మారేటప్పుడు అక్క తొట్టిలోవన్నీ చచ్చిపోయాయి. అంతకుముందు చెల్లెలికి తుంచి ఇచ్చిన ముక్క ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత అక్క మళ్లీ తొట్టి పెట్టలేదు. జుట్టు వంకతో సెలూన్‌కి వచ్చి, ఆ కొసన స్టూలు వేసుకుని కూర్చునేది.

పోయినసారి వచ్చేసరికి పగడం తన పొడుగాటి వేళ్లన్నీ లోపలికి లాక్కుని ముడుచుకుపోయి ఉంది. అడుగున తెల్లటి గట్టి భాగం బయటపడింది.

"ఆదివారం బకెట్టు తెస్తానే," అంది అక్క. "చేపల దుకాణం ఆయనకు ఇచ్చేద్దాం. నీ చేతిలో ఇది పోతుంటే నేను చూడలేను."

తిట్టినా బాగుండేది. అక్క మెల్లగా అంది. పగడాన్ని గోడవైపుకు జరుపుదామంటే మోటారు హోరుకు దాని మెత్తటి ఒళ్లు చిరిగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కత్తెరమ్మ గోడవైపే ఇంకా పెద్ద మోటారు తెచ్చి పెట్టింది. గోడవైపు ఇసుక లేచి గుట్టలు పడింది, చేపలు ఎదురీదలేక రాళ్ల చాటుకు దూరాయి. కొసన మాత్రం నిన్నటి మేత ఉన్నచోటే కుళ్లుతోంది.

తొట్టి మధ్యలో నీళ్ల పైదాకా రాళ్ల కొండ ఉంది. ఒక్కో రాయీ జిగురుతో అంటించి ఓపిగ్గా తనే కట్టింది. వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆవిడ మోటారును అనుమానించింది, మేతను అనుమానించింది, ఒకటి రెండుసార్లు మొగుణ్ని కూడా అనుమానించింది. కొండను అనుమానించాలని మాత్రం తోచలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

శుక్రవారం ఒత్తు జుట్టున్న ఒకావిడకు తల ఆరబెడుతోంది. నడినెత్తిన క్లిప్పు పెట్టిన పెద్ద ముడి. ముందునుంచి ఎంత గాలి కొట్టినా వెనక జుట్టు తడి తడిగానే ఉంది. కత్తెరమ్మ ధ్యాసంతా పగడం మీదే ఉండి, గాలి జోరు ఇంకాస్త పెంచింది.

"చెవి కాలుతోందమ్మా," అంది కుర్చీలో ఆవిడ.

ఉలిక్కిపడి క్లిప్పు తీసేసింది. ముడి జారింది. పక్కనుంచి జుట్టు పొడుగునా గాలి తోలితే చివరిదాకా దూసుకుపోయింది. ఎదురు అద్దంలో చూస్తే ఒత్తు జుట్టావిడ తల వెనక తన తొట్టి, తొట్టి మధ్యలో నీళ్లకు అడ్డంగా తన కొండ. పనిలో చేరిన ప్రతి పిల్లకూ తను నేర్పే మొదటి పాఠమే ఇది, ముడి మీద కొట్టకు, పక్కన తోలు అని. నా అంత మొద్దు ఇంకొకతె ఉండదనుకుని పైకే నవ్వింది.

శనివారం పొద్దున్నే షట్టరు దించి తొట్టిలో చేతులు ముంచింది. సగం కొండ తీస్తే చాలేమోనని మొగుడు నసిగాడు. సగం కత్తిరించిన జుట్టుతో ఎవరినైనా పంపిస్తానా అంది ఆవిడ. అన్నదే గానీ, మొదటి రాయి ఊడుతుంటే కళ్లనీళ్లు ఆగలేదు. చివరికి రెండు చిన్న గుట్టలు మిగిల్చి, చుట్టూ నీళ్లకు దారి వదిలింది. మోటార్లను గోడవైపే ఉంచి, ఒకదాన్ని ఈ పొడుగు అద్దం వెంబడి, ఇంకోదాన్ని ఆ పొడుగు అద్దం వెంబడి తిప్పి, రెండూ వంతులవారీగా నడిచేట్టు పెట్టింది.

మొగుడు చిటికెడు మేత వేశాడు. అది అద్దం పక్కనే పరుగెత్తి, కొసకు తగిలి, మలుపు తిరిగి, అవతలి వైపునుంచి వెనక్కి వచ్చింది. ఇద్దరూ దాంతోపాటు తొట్టి చుట్టూ నడిచారు. ఆయన ఇంకో చిటికెడు వేయబోతే, చేపలకు అజీర్తి చేస్తుందని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండా ఇంకో చుట్టు నడిచింది.

ఆదివారం అక్క బకెట్టుతో వచ్చేసరికి కత్తెరమ్మ ఒకావిడకు జుట్టు కత్తిరిస్తోంది. తలతిప్పే ధైర్యం లేక అద్దంలోంచే చూసింది. అక్క కొసన కూర్చుంది. పగడం వేళ్లన్నీ బయటపెట్టి నీళ్లతోపాటు ఊగుతోంది.

"కొండ ఏదే?"

"పడగొట్టాను."

అక్క ఖాళీ బకెట్టును కాలితో సోఫా కిందికి నెట్టింది. సోఫాలో వంతు కోసం కూర్చున్న ఒకావిడ అడిగింది, ఈ కొసన మోటారే కనపడదు, నీళ్లెలా తిరుగుతున్నాయని. అడగడమే ఆలస్యం, టీచరమ్మ లేచింది. అద్దం మీద వేలు పెట్టి, తొట్టి చుట్టూ నడుస్తూ పాఠం మొదలుపెట్టింది.

"ముక్క నాదే. ప్రాణం పోసింది మా చెల్లి. దీనికోసం ప్రాణంలా కట్టుకున్న కొండను మా చెల్లి తన చేత్తోనే తీసేసింది. నేనైతే తీయలేకపోయేదాన్ని. ఇదిగో, నీళ్లు ఇటునుంచి..."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. అయిపోయిందా అని కుర్చీలో ఆవిడ అడిగింది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది కత్తెరమ్మ. "మా అక్క నన్ను పొగుడుతోంది. విననివ్వండి."