ఎడమ కాలు కొలత

చెప్పుల కొట్టు తెరిచిన నాడు నా చేతిలో ఉన్నవి మూడు: పాదం కొలిచే చెక్క, ఒక టేపు, పాదాలంటే వల్లమాలిన అసహ్యం. మూడోదాన్ని ఎవరికీ కనపడనివ్వలేదు. పన్నెండేళ్ళుగా చెమట మేజోళ్ళనూ, పుచ్చిన గోళ్ళనూ, మురికి కూరుకున్న మడమ పగుళ్ళనూ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ చెప్పులు అమ్ముతున్నాను. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగితేగాని తిండి ముట్టను.

నా భార్యకు ఏడో నెలలో నడుం లాగేసింది, పాదాలకు నీరు పట్టింది. కాస్త పట్టమంది. నూనె గిన్నె అందుకోడానికి వెనకాడాను. ఊరందరి కాళ్ళూ పట్టేవాడికి ఇంటి కాళ్ళు బరువయ్యాయా అని దెప్పింది.

పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టాను. గోరువెచ్చని నూనెతో నడుం మీద అరచేత్తో నెమ్మదిగా రాశాను. హాయిగా ఉందంది. తరవాత కుడి పాదం. వేళ్ళ సందుల్లోంచి మట్టి నలుగులా లేచి నా గోళ్ళలో దూరింది. డోకు మింగి పట్టాను.

ఎడమ పిక్క మీద చెయ్యి వేసి ఆగిపోయాను. వేడిగా ఉంది. టేపు తీసి కొలిచాను. కుడి పిక్క కంటే రెండు వేళ్ళు ఎక్కువ.

నీరు పడితే రెండు కాళ్ళకూ పడుతుంది. కొట్లో రోజూ చూసేదే. ఒక్క కాలికే సైజు చాలదని చెప్పులు తిరిగిచ్చిన నిండు చూలాలు ఒకామె ఉంది. వారం తిరగకముందే ఆస్పత్రిలో పడింది. కాల్లో రక్తం గడ్డకట్టిందన్నారు.

ఇంతలో ఫోన్లో మా అత్తగారు. సంగతి విని, "వాచిన చోటే గట్టిగా పిసకండి అల్లుడుగారూ, దిగిపోతుంది" అన్నారు.

నేను చెయ్యి తీసేశాను. నా భార్య మొహం మాడ్చుకుంది. "అసహ్యమైతే అసహ్యమని చెప్పండి. సాకులెందుకు?"

"అసహ్యమే. కుడికాలికే డోకొచ్చింది, అయినా పట్టాను. దీన్ని మాత్రం పట్టను. లే, ఆస్పత్రికి పోదాం."

ఆటోలో మొహం అటు తిప్పుకుంది. కన్నీళ్ళు కొంగుతో తుడుచుకుంది.

స్కాన్‌లో రక్తపు గడ్డ చూసిన డాక్టరమ్మ పిసికారా అని మొదట అడిగింది. లేదన్నాక ఊపిరి పీల్చుకుంది. పిసికి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయేదట. కాన్పయ్యేదాకా, ఆ తరవాత కొన్నాళ్ళూ ఇంజెక్షన్లన్నారు.

ఇంటికొచ్చాక తనే కుడి పాదం నా ఒళ్ళో పెట్టింది. "ఇది పట్టచ్చుగా?"

పట్టాను. మళ్ళీ డోకొచ్చింది, మళ్ళీ రెండుసార్లు కడుక్కున్నాను.

మొత్తం మీద అసహ్యం ఇసుమంతైనా తరగలేదు. మిగిలింది ఆమె. ఆమె లోపల తన్నుతున్న మరో రెండు పాదాలు. వాటి కొలత ఇంకా తియ్యలేదు.