ఇరవై మందికి పది బెల్టులు

ఈశ్వరయ్య వంతెన మీంచి పడ్డప్పుడు నా చూపు నారాయణప్ప నడుముకున్న బెల్టు మీదికి పోయింది. దాచను. నా బావమరిది కింద మూలుగుతుంటే, పైన క్షేమంగా ఉన్నవాణ్ణి చూసి నా కడుపు మండింది.

గచ్చిబౌలిలో ఉక్కు వంతెన మీద పని మాది. భూకంపం వస్తే దూలాలు స్తంభాల మీంచి జారిపోకుండా ఇనుప పట్టీలు బిగించాలి. ఎప్పుడొస్తుందో తెలియని భూకంపం కోసం వంతెనకు అన్ని కట్లు వేస్తుంటే, దాన్ని చూసి కూడా కుళ్లుకున్నాను.

పైకెక్కే ఇరవై మందికి కాంట్రాక్టరు దినేష్ ఇచ్చినవి పదే సేఫ్టీ బెల్టులు. వికారాబాద్ నుంచి వచ్చిన మా పదిమందిదొక జట్టు, అనంతపురం నుంచి వచ్చిన నారాయణప్ప వాళ్లదొక జట్టు. ఒక వారం ఎవరు ఎక్కువ బోల్టులు బిగిస్తే మరుసటి వారం బెల్టులు వాళ్లకే. బిగించిన బోల్టు మీద మేం తెల్ల గీత గీస్తాం, వాళ్లు ఎర్ర గీత. నెల రోజులుగా బెల్టులు వాళ్లవే. వాళ్లు చాయ్ తాగే బండి దగ్గర మేం నిలబడేవాళ్లం కూడా కాదు.

ఈశ్వరయ్య నడుము విరిగిందని దవాఖానలో చెప్పారు. ఆ సాయంత్రం మా జట్టు రాడ్లు పట్టుకుని వాళ్ల రేకుల షెడ్డు మీదికి పోయింది. ముందు నేనే.

"మా పిలగాని నడుము ఇరిగింది. ఇగ మీకు సంబరమేనా?"

నారాయణప్ప లేచాడు. "యాడి సంబరం, బాలనర్సయ్యా? వచ్చే వారం మీరు గెలిస్తే మావోడు పడతాడు. ఆ భయంతో బిగించకుండానే గీతలు గీస్తాండాం."

నా చేతిలో రాడ్డు కిందికి దిగింది. "మేం గూడ గంతే," అన్నాను.

మాకు బోల్టులు అందించే నాగమణి మధ్యలోకి దూసుకొచ్చింది. "సిగ్గుండాలె! ఒకల బెల్టు చూసి ఒకలు ఏడుస్తున్రు. ఇరవై మందికి పదే ఇచ్చినోన్ని ఒక్కడన్న అడిగిండా? రేపు భూమి కదిల్తే గా వంతెన మీద బస్సులల్ల ఎవలుంటరు? మనసొంటోళ్లే!"

"గీతల సంగతి చెప్తే జైలే," అన్నాడు మా ఓంకార్.

"చెప్పకపోతే?" అంది ఆమె.

పొద్దున ఇంజనీరు ప్రియదర్శిని తనిఖీకి వచ్చేసరికి పది బెల్టులూ కుప్ప పోసి, రెండు జట్లవాళ్లం నేల మీద కూర్చున్నాం.

"అందరికీ బెల్టులొచ్చేదాక ఎక్కం మేడం. ఈశ్వరయ్య వైద్యం కంపెనీయే చేయించాలె. ఇంకోటి, గా గీతలు నమ్మకుండ్రి. వదులు బోల్టులున్నయ్. అన్నీ మళ్లా బిగిస్తం," అన్నాను.

ఆమె దినేష్‌కు ఫోన్ చేసింది. దినేష్ పోలీసులను పిలిపించాడు. "దొంగ గీతలు గీసిందెవడు?" అని అరిచాడు ఎస్సై.

నారాయణప్ప చెయ్యెత్తాడు. నాకంటే ముందు ఎత్తాడని అప్పుడు కూడా నాకు ఒళ్లు మండింది. రెండు చేతులూ ఎత్తాను. మా వెనక రెండు జట్ల చేతులూ లేచాయి. అంతమంది జీపులో పట్టరు కదా, మా ఇద్దరినీ ఎక్కించారు.

మధ్యాహ్నం నాగమణి స్టేషనుకొచ్చింది.

"దినేష్ కొత్త జట్టును దించిండు."

"ఎక్కిండ్రా?" అని అడిగాను.

"అంతా చెప్పినం. మా పక్కనే కూసున్నరు."