సుస్మిత చేసిన లెక్క

నేను వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తుంటే ముందుగదిలోంచి మా ఆయన మధుకర్ లెక్క చదివాడు.

"పది సెంటీమీటర్ల చతురస్రం. భుజాల మధ్యబిందువులు కలిపితే లోపల చతుర్భుజం అస్తది. దాని చుట్టుకొలత ఎంత? జెర జల్ది చెప్పు, రేపు ఫస్ట్ పీరియడే నాది."

ఒక్కో భుజం ఐదు రూట్ రెండు, మొత్తం ఇరవై రూట్ రెండు అని కూర్చున్నచోటి నుంచే చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

కోరుట్లలో ఒకే ప్రైవేటు బడిలో ఇద్దరం పనిచేస్తాం. ఇద్దరిదీ లెక్కల ఎమ్మెస్సీయే. సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల చప్పుడు మధ్య చదువుకుని నేను ఆయనకంటే మంచి మార్కులతో పాసయ్యాను. అయినా బడిలో ఆయనకు పదో తరగతి, నాకు మూడో తరగతి. "చిన్నపిల్లలైతే నీకు అల్కగుంటది. జల్దొచ్చి వంట చూసుకోవచ్చు," అని ఆయనే సర్దిచెప్పాడు. మా అత్త సత్యవ్వ ఇంటికొచ్చినవాళ్లతో, "మా కోడలు గూడ బడికి పోతది. ఏదో పొద్దు పోవాలె గద," అంటుంది. మధుకర్ సార్ అంటే లెక్కలకు పెట్టింది పేరు. ఆ పేరు నా వంటింట్లో తయారవుతుందని ఎవరికీ తెలియదు. ఆయనకైనా తెలుసో లేదో. మంచినీళ్లు అడిగినట్టే లెక్కా అడుగుతాడు మరి.

మర్నాడు మధ్యాహ్నం, ఒకప్పుడు నా దగ్గరే చదివిన టెన్త్ పిల్ల సుస్మిత నా తరగతి గుమ్మంలో నిలబడింది. ఏడ్చినట్టుంది.

"మేడం, చుక్కలు మధ్యల గాకుండ, మూలకు మూడు సెంటీమీటర్ల దూరంల పెట్టిన. గీతలు కర్ణాలకు సమాంతరంగనే గీసిన. చుట్టుకొలత గంతే అచ్చింది. సార్ తప్పని కొట్టేసిండు. ఎక్కువ తెలివి సూపియ్యకు, కూసో అన్నడు."

ఆమె నోట్‌బుక్ చూశాను. రెండు భుజాలు మూడు రూట్ రెండు, మిగతా రెండు ఏడు రూట్ రెండు. మొత్తం ఇరవై రూట్ రెండే. అలా గీస్తే మొదటి చుక్క భుజం మీద ఎక్కడ పెట్టినా చుట్టుకొలత మారదు, రెండు కర్ణాల మొత్తానికి సమానం. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల దాన్ని పట్టుకుంది. "ఇంకోసారి చూసుకో బిడ్డా" అని పంపేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ ప్రశాంతత కోసమే నోరు కట్టుకున్నాను. కానీ ఇప్పుడు కూడా ఊరుకుంటే ఈ పిల్ల తను తప్పనే నమ్ముతుంది. రేపు ఎవరి వంటింట్లోనో కూర్చుని ఎవరికో లెక్కలు చెబుతుంది.

సుస్మితను వెంటబెట్టుకుని టెన్త్ గదికి వెళ్లాను. మధుకర్ బల్ల దగ్గరే ఉన్నాడు.

"సార్, ఈ పిల్ల చేసింది కరెక్టే," అని చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద చేసి చూపించాను. సుస్మిత మొహం తేటపడింది. ఆయన మొహం నల్లబడింది.

గంటలోపే కరస్పాండెంట్ పురుషోత్తం రావు ఇద్దరినీ పిలిచాడు. "మేడం, మొగుడు పెండ్లాలన్నంక ఇసొంటివి ఇంట్ల మాట్లాడుకోవాలె. పిల్లల ముంగట సార్ ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇంట్ల చెప్పుడు ఇగ బంద్ సార్. టెన్త్ బి సెక్షన్‌కు లెక్కల సార్ లేడు గద, నాకియ్యండ్రి."

కరస్పాండెంట్ తటపటాయించాడు. "పొద్దుగాల ఏడింటికే స్పెషల్ క్లాసుంటది. ఇల్లున్నది, పనున్నది..."

"ఆమెకు కుదరది సార్," అన్నాడు మధుకర్.

"కుదురుతది," అన్నాను. "రేపే అస్త."

పురుషోత్తం రావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, ఇంకో సార్ దొరికే దారి లేదు. "సరే, చూడుండ్రి," అన్నాడు.

సాయంత్రం మధుకర్ నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఇంట్లో అడుగుపెట్టగానే జరిగిందంతా తల్లికి చెప్పాడు. సత్యవ్వ నా వైపు తిరిగింది.

"నువ్వు ఏడింటికే పోతే చాయ్ ఎవలు పెడ్తరు?"

"ముందుగాల లేచినోళ్లు పెడ్తరు అత్తమ్మ."

ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు పుస్తకం వైపు చూశాడు. చాలాసేపు పేజీలు తిప్పి, అలవాటు చొప్పున నా వైపు చూడకుండానే మొదలుపెట్టాడు. "శంకువు మీద అర్ధగోళం ఉన్నది. మొత్తం ఘనపరిమాణం..."

నేను స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చాను.

"గా లెక్క రేపు ఏడింటికి బి సెక్షన్ల చెప్త. ఎన్క బెంచి ఖాళీగనే ఉంటది, అచ్చి కూసోండ్రి."