సందు తెరిచేదాకా

మరుగుతున్న నీళ్లలో మాస్కుల్ని గరిటెతో అటూ ఇటూ తిప్పుతోంది ఆమె. గూట్లో భర్త ఫోను మోగింది. అతను స్నానం చేస్తున్నాడు. ఆడపడుచే కదా అని తనే ఎత్తింది.

“ఏమ్మా మరదలా, మా పోస్టుబాబు ఏడీ? నా మాత్రలు నడిచొస్తున్నాయా, పాక్కుంటూ వస్తున్నాయా?” వదిన నవ్వింది. “నిన్నటితో అయిపోయాయే. పొద్దున్నించీ ఎడమ చెయ్యి అదురుతోంది.”

తల తుడుచుకుంటూ వచ్చిన భర్త ఫోను అందుకున్నాడు.

“లారీలు సరిగ్గా రావట్లేదక్కా. రాగానే నేనే తెచ్చిస్తాగా!”

“తెస్తావులేరా. ఈలోగా మూర్ఛ వస్తే, టపా ఆలస్యమైంది, మళ్లీ రమ్మని చెప్తాలే,” అని ఆవిడ పెట్టేసింది.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. లారీలు వస్తూనే ఉన్నాయనీ, పోస్టాఫీసులో సగం మంది జబ్బుపడటంతో సంచులు దించలేక నడుం పడిపోతోందనీ నిన్ననే కదా అతను వాపోయింది!

“అబద్ధం ఎందుకు చెప్పారు?”

అతను పీట మీద కూలబడ్డాడు. పార్సెల్ వచ్చి వారం దాటింది. తన చేత్తోనే అక్కవాళ్ల సందు సంచిలో వేశాడు. ఆ సాయంత్రమే సందులో జబ్బు బయటపడి, రెండు చివర్లా తడకలు కట్టేశారు. అలా మూసిన సందుల సంచులకి ముద్ర వేసి వెనకగదిలో పడేయాలనీ, సందు తెరిచేదాకా విప్పకూడదనీ కొత్త ఉత్తర్వు.

“విప్పితే ఉద్యోగం పోతుందనా?”

“ఉద్యోగం సంగతి కాదే. ఆ సందువాళ్లంతా ఫోన్లు చేసి కాళ్లావేళ్లా పడ్డారు. కంటి చుక్కల కోసం ముసలాయన ఏడ్చాడు కూడా. అందరికీ కుదరదన్నాను. ఇప్పుడు మా అక్కకని విప్పితే ఏ మొహం పెట్టుకుని ఆ సందులో తిరగను?”

“అయితే అందరివీ తీసివ్వండి!”

ఆ ఆలోచన అతనికి తట్టనే లేదని అతని మొహం చూడగానే ఆమెకు అర్థమైంది.

సందు మూయకముందు వదిన మందుల షాపుకి బయల్దేరింది. జనంలో నిలబడొద్దక్కా, పోస్టులో తెప్పించుకో, నా చేతి మీదుగానే వస్తుందిగా అని ఆపింది ఇతనే. ఆ మాట ఇప్పుడు ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది.

“ఆ రోజు ఆవిణ్ణి వెళ్లనిచ్చుంటే…”

“చాల్లే ఆపు. ఇప్పుడే వెళ్లి విప్పేస్తా,” అంటూ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుండగా మళ్లీ ఫోను. మేనకోడలు.

“మావయ్యా! అమ్మ పడిపోయింది. మెట్టుకి తల కొట్టుకుంది. తడక దగ్గర వాళ్లు ఆంబులెన్సుని లోపలికి రానివ్వట్లేదు…”

“ఊపిరుందా తల్లీ?”

అవతల ఏడుపొక్కటే.

ఫోను బల్ల మీద పెట్టాడు. ఆమె భుజం పట్టుకోబోతే పక్కకి తప్పుకున్నాడు. గుమ్మం దిగి, ఆఫీసు వైపు కాక, అక్క సందు వైపు తిరిగాడు.