గుమ్మంలో దాలినాయుడు

మా లినక్స్ సర్వర్‌లోని భద్రతా నియమాలు ఈ ఉదయం నుంచి ఖాకీ చొక్కా వేసుకుని గది గుమ్మంలో నిలబడి ఉన్నాయి. పేరడిగితే దాలినాయుడు అంటున్నాయి. చూడ్డానికి ఒక్క మనిషే కాబట్టి నేనూ ఆయన అనే అంటున్నాను.

ఆయన ఆపింది మా రక్తనిధి సర్వీసుని. ఏ ఆసుపత్రి అడిగినా దాతల జాబితా చూసి జవాబు చెప్పడం దాని పని. ఇప్పుడది నీలం చొక్కాలో, పిలుపు లేని చుట్టంలా బయట నిలబడి ఉంది. అది అడుగు వేయబోయినప్పుడల్లా దాలినాయుడు "కాదు" అంటాడు. కాదన్న ప్రతిసారీ గది ఒక అడుగు పొడుగవుతుంది. పదకొండయ్యేసరికి నా కుర్చీ నుంచి గుమ్మానికి ఆటోలో వెళ్లాల్సి వస్తోంది.

కొండ మీది ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోన్ చేస్తుంది. "చిలకమ్మకి కాన్పు కష్టంగా ఉందండీ. లక్షల్లో ఒకరికుండే బాంబే గ్రూపు రక్తం కావాలి. జిల్లాలో ఎవరికుందో మీ జాబితాయే చెప్పాలి. గంటకి మించి ఆగలేం."

ఫోన్లోంచి చిలకమ్మ మూలుగు కూడా దిగి వచ్చి నా బల్ల మీద కూర్చుంటుంది. నాకు భయం వేస్తోంది. జాబితా నేనే తెరుద్దామంటే అన్నీ తెల్లకాగితాలు. ఇక్కడికి చేరాక ఆ అక్షరాలు సర్వీసుకి తప్ప ఎవరికీ కనబడవు.

"ఈయన్ని ఓ గంట టీకి పంపేద్దాం మేడం," అంటాను. నసీమా మేడం మా సీనియర్. కాపలా తీసేస్తే ఏ సర్వీసైనా చక్కగా నడుస్తుంది. తొందరలో అందరూ చేసే పనే అది.

"పంపితే మన సర్వీసుతో పాటు దారిన పోయేవాళ్లంతా వస్తారు. లోపల దాతల ఇళ్ల చిరునామాలున్నాయి," అంటుంది మేడం. "ఆయన్ని తిట్టుకునే బదులు ఆయన రాసింది చదువు, వనజా."

దాలినాయుడు తన చిట్టా చాపుతాడు. ఎవరు వచ్చారు, దేన్ని ముట్టుకోబోయారు, దాని మీద ఏ చీటీ అంటించి ఉంది, ఏ క్షణాన. నాలుగు వందల పన్నెండు సార్లు కాదన్నాడు. ఒక్కసారీ విసుక్కోలేదు, ఒక్క అక్షరం వంకర పోలేదు. రోజుకి మూడుసార్లు కాదనాల్సి వస్తేనే తలనొప్పి మాత్ర వేసుకునే మనిషిని నేను. చదువుతుంటే ఆయన మీద గౌరవం పుట్టుకొస్తోంది.

"జాబితా మీద ఇంటి సామానని రాసుందమ్మా," అంటాడు. "ఆఫీసోడు ఇంటి సామాను ముట్టుకుంటే నానొప్పుకోను."

అప్పుడు అర్థమవుతుంది. నిన్న జాబితాని నా సొంత ఫోల్డర్లో సరిచేసి, కాపీ చేయకుండా ఉన్నదున్నట్టుగా ఎత్తి సర్వీసు చదివే కొత్త చోట పెట్టాను. కాపీ చేసుంటే కొత్త చోటి చీటీ పడేది. ఎత్తుకొచ్చాను కాబట్టి నా ఫోల్డర్ అంటించిన ఇంటి చీటీయే ఉండిపోయింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కుతాయి. చల్లార్చుకోడానికి వాటిని తీసి కాసేపు కిటికీలో పెడతాను.

"కొత్త చీటీ నేను రాసెయ్యనా మేడం?"

"నువ్వు రాయకు. ఈ చోటికి ఏ చీటీ ఉండాలో ఆయనకి కంఠతా వచ్చు. అడుగు."

"నాయుడుగారూ, ఇక్కడ ఉండాల్సిన చీటీ మీరే వెయ్యండి."

దాలినాయుడి కళ్లు తడుస్తాయి. "ఇన్నేళ్లలో అందరూ నన్ను పొమ్మన్నోళ్లే. ఇలాగ అడిగినోళ్లు లేరమ్మా." పాత చీటీ ఊడదీసి, కొత్తది అంటించి, బొటనవేలితో నాలుగు మూలలూ అదుముతాడు. ఒక్క అడుగు పక్కకి జరుగుతాడు. అంతే. నాకు ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది, పెడతాను.

సర్వీసు లోపలికి వెళ్లి పేజీ తిప్పుతుంది. "బాంబే గ్రూపు: సత్యం, లారీ డ్రైవర్," అని చదవగానే పేజీలోంచి చొక్కా చెయ్యి మడిచిన మగవాడి చెయ్యి ఒకటి బయటికి వస్తుంది. మోచేయి దాటుతుంది, కిటికీ దాటుతుంది, ఇంకా పొడుగవుతూనే ఉంది. బజారులో కూరగాయలవాళ్లు తలమీది గంపలు దించి దానికి దారిస్తారు. బస్సులు ఆగుతాయి. అది ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి కొండెక్కుతుంది.

నేను, నసీమా మేడం దాని కింద నిలబడి నరం మీద వేళ్లు ఆనించి చూస్తాం. వెచ్చగా కొట్టుకుంటోంది, పైకే వెళ్తోంది.

పేజీలో మిగిలిన భుజం ఒక్కసారి ఉలిక్కిపడుతుంది.

"ఎవరో నా వేలు పట్టుకున్నారండీ," అంటుంది. "చాలా చిన్న చెయ్యి."